పచ్చిక బయలు - క్రొత్త అగ్రహారము

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో నొక మాట తఱచుగా వినబడుచున్నది: "మాది చాల నిశ్శబ్దమైన చోటండీ, పెరటి వెనుక గాల్ఫు మైదానము, నగరమునకు బోవు రైలు పది నిమిషముల దూరములో." ఈ మూడు ముక్కలు చెప్పువాని ముఖమున నొక కృతార్థత కనబడును. స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులకు మొట్టమొదట జూపునది యా పచ్చిక బయలే. దేవాలయ దర్శనము ఆదివారమునాటి మాట. దీనిని మే మాక్షేపింపము. అప్పు చేసి చదివి, వీసా కాగితముల భయముతో నేండ్ల తరబడి బ్రతికి, తుదకొక యిల్లు సంపాదించుకొన్నవాడు సంతోషించిన దప్పేమున్నది? మేము ఖండింపదలచినది మఱియొకటి. ఆ నిశ్శబ్దమును గాపాడుకొను నెపమున మనవారు పురసభలకు బోయి చేయుచున్న వాదము.

ఆ వాదము రూప మిట్టిది. వీధి చివర నేదో ఖాళీ నేల యుండును. అందులో తక్కువ యద్దెల వాటాలు కట్టుదుమని యెవరో దరఖాస్తు పెట్టుదురు. వెంటనే వాట్సాపు సమూహములలో నలజడి పుట్టును. పాఠశాల క్రిక్కిఱిసిపోవును, వాహనములు పెరుగును, దొంగతనములు పెరుగును, ఇండ్ల వెలలు పడిపోవును, మన చోటి స్వభావమే చెడును! జాతి యన్న మాట నెవ్వరును నోట రానీయరు. కులమన్న మాట అసలే రాదు. "మేము కష్టపడి కొనుక్కొంటిమి, వారును కష్టపడి కొనుక్కొనవచ్చును గదా" యందురు. వినుటకు న్యాయముగానే యున్నది. కాని కొనశక్యమైన యిల్లు ఆ యూర గట్టనే కూడదని నిబంధన యుండగా, ఎంత కష్టపడి యేమి కొనవలెను?

ఈ నిబంధనల పుట్టుక మనవారికి దెలిసినట్లు లేదు. అందుచేత నొక పేరు జ్ఞాపకముంచుకొనుమని చదువరులను గోరుచున్నాము: జార్జి సదర్లాండు. ఈయన అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి. ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లాండు నగరపు శివారగు యూక్లిడ్ గ్రామము, ఏ నేలలో నెట్టి కట్టడ ముండవచ్చునో నిర్ణయించుచు నిబంధనలు చేసెను. అవి చెల్లునా చెల్లవా యను వ్యాజ్యము 1926లో ఆ కోర్టున తీర్పునకు వచ్చెను. చెల్లునని తీర్పు వ్రాసినది సదర్లాండు. ఒంటి యిండ్ల వీధిలో వెలసిన వాటాల మేడ, పొరుగువారి సౌఖ్యమును పీల్చి బ్రతుకు పరాన్నభుక్కువంటిదని యాయన యందులో వ్రాసెను. నేడు ఆ దేశపు శివారులలో నేలలో నధికభాగము కుటుంబమున కొక్క విడియిల్లను కట్టడికి లోబడియుండుటకు న్యాయశాస్త్రపు పునాది యా తీర్పే.

అంతకు మూడేండ్లు ముందు, 1923లో, ఆ సదర్లాండే మఱియొక తీర్పు వ్రాసియుండెను. భగత్‌సింగ్ థిండ్ పంజాబువాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యములో బనిచేసినవాడు. అతడు పౌరసత్వము గోరగా, సామాన్యజనుల యెఱుకలో హిందూదేశస్థుడు తెల్లవాడు కాడు, కావున పౌరుడు కానేరడని యా తీర్పు. దానిని బట్టి అంతకు ముందే పౌరులైన మన దేశస్థులలో పలువురి పౌరసత్వమును గూడ రద్దుచేసిరి. వైష్ణవదాస్ బగాయ్ అను వర్తకుడు పౌరసత్వమును, దానితో కాలిఫోర్నియాలో ఆస్తి కలిగియుండు హక్కును గోలుపోయి, 1928లో నాత్మహత్య గావించుకొనెను. ఇందు మనము సిగ్గుపడవలసినదియు నొకటి కలదు. థిండ్ పక్షమున జరిగిన వాదములో, తా నగ్రకులజుడగు నార్యుడ ననియు, మీరు నల్లవారిని జూచునట్లే మా దేశపు అగ్రకులజులు తక్కువవారిని జూతురనియు నుండెను. ఇతరుని గడప బయట నిలువబెట్టుటలో మేమును మీవంటివారమే, కనుక మమ్ము లోనికి రానిండని దీని యర్థము. కోర్టు ఆ వాదమును వినియు తలుపు మూసెను.

వాటాల మేడను పరాన్నభుక్కనిన చేయియు, మనలను పౌరులు కారనిన చేయియు నొక్కటే. ఆ చేతి వ్రాతలలో మనలను బయట నుంచినదానిని 1946లో నొక చట్టము తుడిచివైచెను; 1965 చట్టము ద్వారమును విశాలముగా దెఱచెను. ఆ రెండవ చట్టము నల్లవారి పౌరహక్కుల పోరాట ఫలముగా వచ్చిన గాలిలో పుట్టినదని వేఱ చెప్ప నక్కఱలేదు. మనము లోనికి వచ్చితిమి. వచ్చి, ఆ చేయి వ్రాసిన రెండవ కాగితమును గుండెల కదుముకొని, ఇది మాత్రము మారరాదనుచున్నాము.

ఇక నీ నిబంధన లొక యూర నేమి చేసినవో చూడుడు. న్యూజెర్సీ రాష్ట్రమున, ఫిలడెల్ఫియా నగరమునకు తూర్పుగా మౌంట్ లారెల్ అను పురము గలదు. వైశాల్యము సుమారు 22 చదరపు మైళ్లు. 1950లో నచటి జనము 2,817. 1970 నాటికి 11,221. రహదారులు పడగానే నగరోద్యోగులు వచ్చి చేరిరి. రాంబుల్‌వుడ్ అను నివాస మేర్పడెను. అదే పేరుతో నొక గాల్ఫు మైదానమును గలదు. ఆ యూర తరతరములుగా కాపురమున్న నల్లవారి కుటుంబములును గలవు. వారిలో పలువురు శిథిలములైన కొట్టములలో, కోళ్ల యిండ్లను మార్చి చేసిన గదులలో కాపురముండిరి. పురమువారు ఆ కొట్టములను నివాసయోగ్యములు కావని మూయుచుండిరే కాని, వానికి బదులు వేఱొక నీడ చూపలేదు. ఎథెల్ లారెన్సు అను పాఠశాలోద్యోగినియు, ఆమె యిరుగుపొరుగువారును చేరి 36 వాటాలు కట్టుకొనుటకు 1970 ప్రాంతమున ననుమతి గోరిరి. ముప్పదియాఱు! పురమువారు నిరాకరించిరి. మీ స్తోమతకు మించిన యూర మీరుండనేల యన్నట్లుండెను వారి సమాధానము. ఆమె పూర్వులు ఆ యూర నున్న కాలమునకు అక్కడ గాల్ఫు గుంట యొక్కటియు త్రవ్వబడలేదు.

వ్యాజ్యము నడచెను. 1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదువదగినది. పురము తన నేలలో నూటికి 29 వంతులకు పైగా కర్మాగారములకు కేటాయించినది. అందులో మిక్కిలి భాగము బీడు. మిగిలిన నేలలో విడియిండ్లు మాత్రమే. ఒకచోట మేడలు కట్టనిచ్చినను, అందు వాటాకు సగటున 0.3 మందికి మించి బడిపిల్ల లున్నచో వారి చదువు ఖర్చును కట్టినవాడే భరింపవలెనట! చదువరులు ఈ లెక్కను మఱియొకసారి చూడవలెను. మూడు వాటాలకు నొక్క పిల్లవాడు కూడ నెక్కువే. బిడ్డలను ఈ విధముగా దశాంశములలో గొలిచి వలదన్న పురమును, బిడ్డల చదువుకొఱకే యిల్లు కొంటిమని చెప్పు మనవారు ఆదర్శముగా జూపుచున్నారు. ప్రతి పురమును తన ప్రాంతమునందలి పేదల కుండదగిన యిండ్లకు న్యాయమైన పాలు చోటు కల్పించి తీరవలెనని కోర్టు శాసించెను. పురము కదలలేదు. 1983లో మరల తీర్పు. తుదకు తొలి కాపురములు ప్రవేశించినది 2000లో. ఎథెల్ లారెన్సు 1994లోనే మరణించెను. ఆ యిండ్లకు నామె పేరు పెట్టిరి.

సరే, ఇండ్లు వచ్చిన పిమ్మట నేమి జరిగినది? ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున డగ్లస్ మాసీ యను సాంఘికశాస్త్రజ్ఞుడును సహచరులును దీనిని శోధించి 2013లో గ్రంథముగా బ్రకటించిరి. చుట్టుపట్ల నిండ్ల వెలలు దానివలన తగ్గలేదు. నేరములు పెరుగలేదు. పన్నులు పెరుగలేదు. వచ్చినవారి బ్రతుకులు మెఱుగుపడినవి. వాట్సాపులో నెవరో పంపిన భయమునకును, పేరు పెట్టి ప్రకటించిన పరిశోధనకును భేదము తెలియనివారు కారు మనవారు. ఆఫీసులో నిట్టి లెక్కలు వేసియే జీతములు తీసికొనుచున్నారు. ఇంటికి వచ్చునప్పటి కా విద్య యెచట బోవుచున్నదో!

వాహనముల రద్దీ యను వాదమును గూర్చి యొక్క మాట. అదే రాష్ట్రమున బెర్నార్డ్స్ అను పురము, రైలుదారి మీద, మిక్కిలి ప్రశాంతమైన శివారు. అందలి లిబర్టీ కార్నరు భాగములోనే అమెరికా గాల్ఫు సంఘపు ప్రధాన కార్యాలయము గలదు. అచటి ముస్లిములు 2012లో చిన్న మసీదునకు దరఖాస్తు పెట్టిరి. వారి సంఘాధ్యక్షుడు పూర్వము ఆ పురమునకే మేయరుగా నుండినవాడు. ముప్పదితొమ్మిది విచారణ సభలు జరిగెను. కార్లు నిలుపు చోటు చాలదు, నీటి పారుదల సరిలేదు, కంచె సరిలేదు. 2015 డిసెంబరులో నిరాకరణము. చర్చీలకడుగని కార్ల చోటును మసీదునకడుగుట వివక్ష యని ఫెడరల్ న్యాయాధీశుడు తేల్చెను. 2017లో పురము 32 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి రాజీపడెను. దేవాలయములు కట్టుకొనుచున్న మనవారు ఈ కథను చదువుకొని, కార్ల చోటన్న మాట యెంత దూరము పోగలదో యాలోచింపవలెను.

గాల్ఫు ఆటతో మాకు వైరము లేదు. కఱ్ఱతో బంతిని గొట్టుటలో దోషమేమున్నది? మన పిల్లలు గోటీబిళ్ల ఆడలేదా? (దానికి సగము వీధి చాలును, దీనికి నూటయేబది యెకరములు కావలెను.) ఈ యాటకు పుట్టినిల్లగు స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణమున ప్రాచీన మైదానము ప్రజల సొత్తు. ఆదివారము నాట ఆపివేయుదురు. ఊరివారు పిల్లలతో, కుక్కలతో నా పచ్చిక మీద నడయాడుదురు. ఆ యూరుమ్మడి బయలు అట్లాంటికు దాటి క్లబ్బు కంచె యైనది. జార్జియాలోని ఆగస్టా క్లబ్బు 1990 వఱకు నల్లవాని నొక్కని సభ్యునిగా జేర్చుకొనలేదు. స్త్రీలను 2012 వఱకు జేర్చుకొనలేదు. అయినను 1982 వఱకు అచటి మాస్టర్సు పందెములలో సంచులు మోసినవారు ఆ క్లబ్బు నల్ల కేడీలే. మోయుటకు లోనికి, ఆడుటకు వెలుపలికి. ఈ యేర్పాటును మనకు వివరించి చెప్పువాడు వేఱొకడు కావలయునా? అగ్రహారమున పొలము దున్నువాడెవడు, అరుగెక్కువాడెవడు?

హైదరాబాదు బహుళాంతస్తుల భవనములలో పనివారికి వేఱు లిఫ్టని బోర్డు కట్టినవారు మనవారే. అక్కడ గేటు, ఇక్కడ జోనింగు. ఇక్కడిది చదువుకొన్నవారి పద్ధతి గనుక బోర్డుండదు, అంతియ భేదము.

ఈ నిశ్శబ్ద మెవరికి సుఖమో యదియు విచారింపవలసియున్నది. ప్రొద్దున్నే రైలెక్కి పోవు పురుషునకు, రాత్రి వచ్చి చూచినపుడు, అది శాంతి. పగలంతయు నింట నుండువారికో? భర్త యుద్యోగము మీద నాధారపడిన హెచ్-4 వీసాతో వచ్చిన స్త్రీలకు 2015 వఱకు పనిచేయు హక్కే లేదు; ఆ యేట మే నెలనుండి కొందఱికి మాత్రము కలిగెను. ఎం.ఎస్సీ. చదివిన యామె, కారు లేక, కాలిబాట లేక, కూరగాయల దుకాణమునకు నడచి పోవుటకు వీలులేక, కిటికీలోనుండి పచ్చికను జూచుచు గూర్చున్నది. ఆఱు నెలలకు వచ్చిన అత్తగారు మూడవ వారమునకే దినములు లెక్కపెట్టుకొనుచుండును. గాల్ఫు మైదానము ప్రక్కనే యున్నను అందు నడువరాదు. అది క్లబ్బు సొత్తు. మామగారు కంచె వెంబడి రెండు మార్లు నడచి వచ్చి, "మనుష్యులు కనబడరేమమ్మా" యని కోడలి నడుగుచున్నారు. ఆ కోడలికి పగటిపూట పలుకరించు పొరుగు, దుకాణమునకు పోవు బస్సు, వీధిలో పిల్లల సందడి కావలసియున్నవి. వాటాల యిండ్లు వచ్చినచోటనే యివియు వచ్చును. బస్సు పదిమంది యెక్కనిదే తిరుగదు గదా. భార్య యొంటరితనమును బోగొట్టునట్టి ప్రతిపాదనమును, భర్త పురసభకు బోయి యెదిరించి వచ్చుచున్నాడు.

2024 మార్చిలో న్యూజెర్సీ ప్రభుత్వము క్రొత్త చట్టము చేసినది. దాని ప్రకారము 2025 జులై మొదలు పదేండ్ల కాలమునకు ప్రతి పురమును తక్కువ వెల యిండ్లకు తన పాలెంతో ఒప్పుకొని, వానిని ఎచట నెట్లు కట్టనిచ్చునో తెలుపు ప్రణాళిక చేసికొనవలెను. కాబట్టి ఒక్కొక స్థలమును గూర్చిన చర్చలు ఈ పదేండ్లును నడచుచునే యుండును. ప్రణాళికామండలి సభలు బహిరంగములు. జనవాక్కునకు కొంత కాలము కేటాయింపబడును. ఆ సభలు సాధారణముగా పనిదినముల రాత్రులందు జరుగును. ఆసుపత్రులలో రాత్రి కొలువు చేయువారికి, గిడ్డంగులలో పెట్టెలు మోయువారికి, అనగా ఆ వాటాలకై ఎదురుచూచువారిలో పెక్కండ్రకు, అది పని వేళ. వారు రాలేరు. మనము పోగలము, పోవుచునే యున్నాము. లేచి నిలిచి యేమి చెప్పుదుమనునదే తేలవలసియున్నది.