కుట్టుపని: చిన్నదైన పట్టుపరికిణీ

శ్రావణమాసము సమీపించినతోడనే ఇంటింట బట్టల పెట్టెలు తెఱవబడును. రెండేండ్ల క్రిందట పండుగకు కుట్టించిన పట్టుపరికిణీ వెలికి వచ్చును. ఆడపిల్ల దానిని ముచ్చటపడి కట్టి చూచుకొనును. నడుమున కొక్కెము అందదు. అంచు చీలమండకు బెత్తెడు పైననే నిలిచిపోవును. తల్లి మొదట నవ్వును. పిమ్మట గుడ్డకు పెట్టిన సొమ్ము జ్ఞప్తికి వచ్చి, "ఇంతలోనే ఎంత లావైతివే!" అని ఒక మాట అనును. ఆ మాట ఆమె మఱునిమిషముననే మఱచిపోవును. పిల్ల మాత్రము మఱవదు.

సోదరీమణులారా, పిల్ల ఎదుగుట తప్పు కాదు. గుడ్డ మనిషికొఱకు గాని మనిషి గుడ్డకొఱకు కాదు. అదిగాక, మా అనుభవమున తేలిన దేమనగా, చిన్నదైన దనుకొనిన పరికిణీలలో పెక్కింటియందు చిన్నదైనది పరికిణీ కానే కాదు. దాని నడుముపట్టీ మాత్రమే. పట్టు పుష్కలముగనే యున్నది, కుచ్చులలోను మడతలలోను దాగియున్నది. కావున కత్తెర చేత పట్టుటకు ముందు ఆ కొఱత ఎక్కడ నున్నదో కనుగొనుట నేర్వవలయును. ఈ మాసము ఆ సంగతినే వ్రాయుచున్నాము.

పరికిణీ నిర్మాణము

పట్టుగుడ్డకు అంచు పొడవు వెంబడి నడచును. అందుచేత పరికిణీ కుట్టునపుడు గుడ్డయొక్క పొడవు నడుముచుట్టును తిరుగును. గుడ్డయొక్క వెడల్పు పిల్ల పొడవునకు వచ్చును. మగ్గపు పట్టుగుడ్డ వెడల్పు సామాన్యముగ 44 మొదలు 48 అంగుళముల వఱకు నుండును. పదేండ్ల పిల్లకు నడుమునుండి చీలమండవఱకు రమారమి 32 అంగుళములు చాలును. తెలివిగల దర్జీ మిగిలినదానిని కత్తిరింపక లోపలికి మడిచి కుట్టి యుంచును. ఆ మడత యొకప్పుడు పట్టీ క్రింద నుండును. ఒకప్పుడు అంచునకు పైన లోపలివైపున నుండును.

ఇక చుట్టుకొలత. మూడు గజముల గుడ్డ యనగా 108 అంగుళములు. దానిని 22 అంగుళముల పట్టీలో కుచ్చులుగ ఇమిడ్చినచో ఒక అంగుళములో దాదాపు అయిదు అంగుళముల గుడ్డ అణగియుండును. పిల్ల నడుము 27 అంగుళములైనచో ఆ 108 అంగుళములనే క్రొత్త పట్టీకి పంచవచ్చును. అప్పుడును అంగుళమునకు నాలుగంగుళముల కుచ్చు మిగులును. పరికిణీ యందము చెడదు. పైపెచ్చు నడుముదగ్గఱ ఉబ్బు తగ్గి మఱింత చక్కగ జాఱును. ఒక్క అంగుళము పట్టు అధికముగ కొననక్కఱలేదు.

ముందుగ పట్టును పరీక్షింపుడు

ఏండ్ల తరబడి ఒకే మడతలో నున్న పట్టు ఆ మడతవెంబడి నలిగి చీలును. కిటికీకి ఎదురుగ గుడ్డను పట్టుకొని వెలుతురులో చూడుడు. సన్నని చీలికలు గాని, దారములు పలుచనైన చోట్లు గాని కనబడినచో వానికి గుర్తు పెట్టుడు. మడతచోట రెండు బొటనవ్రేళ్ల నడుమ మెల్లగ లాగి చూడుడు. గుడ్డ చిటుక్కుమన్నచో ఆ పట్టునకు సత్తువ నశించినదని తెలిసికొనుడు. అట్టిదానిని విప్పి కుట్టినను నాలుగు గడియలు నిలువదు. ఒకటి రెండు చోట్ల మాత్రమే పలుచనైయున్నచో లోపలివైపున మెత్తని మల్లుగుడ్డ అస్తరుగ వేసి బలము చేయవచ్చును.

దారము విషయమున ఒక హెచ్చరిక. పాతపట్టునకు మిక్కిలి గట్టిదైన కృత్రిమదారము తగదు. బరువు పడినపుడు దారము తెగక గుడ్డనే కోసివేయును. పట్టుదారము గాని సన్నని నూలుదారము గాని వాడుడు. కుట్టు తెగినచో మరల కుట్టవచ్చును. గుడ్డ చిరిగినచో ఏమి చేయగలము? చేతిసూదులకు అంకె పెరిగినకొలది సూది సన్నగిల్లును. 9 గాని 10 గాని అంకెగల సూది పట్టునకు మేలు.

నడుము పెంచుట

మొదట పాతపట్టీని విప్పవలయును. కుట్టును పట్టి లాగరాదు. ఒకవైపున ప్రతి నాలుగవ కుట్టును చిన్నకత్తెరతో తెంపి, రెండవవైపునుండి దారమును తీసినచో తేలికగ వచ్చును. కుచ్చులు విడిపోవుటకు ముందే పరికిణీ పైయంచును నాలుగు సమభాగములు చేసి రంగుదారముతో గుర్తులు పెట్టుడు.

క్రొత్తపట్టీకి పట్టు వలదు. దిట్టమైన నూలుగుడ్డ మేలు. నడుము 27 అంగుళములైనచో, ఊపిరికిని భోజనానంతరపు సౌఖ్యమునకును 1 అంగుళము, ఒకదానిపై నొకటి వచ్చుటకు 3 అంగుళములు, రెండు కొనల కుట్టునకు 1 అంగుళము కలిపి 32 అంగుళముల పొడవు గైకొనుడు. పట్టీ వెడల్పు 3 అంగుళములుండవలయును. అది రెండు పొరలుగ మడువబడును గావున, కుట్టులతో కలిపి 7 అంగుళముల వెడల్పు గుడ్డ కత్తిరింపుడు. మూడంగుళముల పై వరుసను వ్యర్థమనుకొనకుడు. అందు కొక్కెములకు మూడు వరుసల కాజాలు పెట్టినచో రాబోవు రెండేండ్లును పట్టీని విప్పక సవరించుకొనవచ్చును.

పిదప పరికిణీ పైయంచువెంబడి పావు అంగుళపు ఎడముతో రెండు వరుసలు దూరకుట్టు వేసి, రెండు దారములను కలిపి లాగి కుచ్చులు పట్టుడు. పట్టీనికూడ నాలుగు భాగములు చేసి గుర్తునకు గుర్తు చేర్చుడు. కుచ్చులు పొట్టమీద కొంత తక్కువగను, వెనుకను ప్రక్కలను కొంత ఎక్కువగను ఉండినచో కూర్చుండుటకు హాయి. ముందు టాకాలు వేసి పిల్లకు కట్టి చూచి, ఆమెను నేలమీద బాసిపట్లు వేసికొని కూర్చుండుమని చెప్పుడు. నిలువబడినపుడు సరిపోయిన పట్టీ కూర్చున్నపుడు బిగియవచ్చును. ఆ పరీక్ష తీఱిన పిమ్మటనే గట్టికుట్టు వేయుడు.

పొడవు పెంచుట

పట్టీక్రింది మడత విప్పినచో పని సులభము. అంచుపైనున్న మడత విప్పినచో ఒక చిక్కు కలదు. మడతలోపలి గుడ్డ వెలుగు సోకనందున క్రొత్తరంగుతో నుండును. వెలుపలిది కొంత వెలిసియుండును. పాతకుట్టు రంధ్రములు గీతవలె కనబడును. దీనికై నీరు చల్లకుడు. పట్టుపై నీటిచుక్కలు మచ్చలుగ నిలుచును. లోపలివైపున పలుచనిగుడ్డ పఱచి తక్కువ వేడితో ఇస్త్రీ చేయుడు. గీత అప్పటికిని పోకున్నచో దానిమీద సన్నని జరీపట్టీ చుట్టును కుట్టుడు. చూచువారికి అది మొదటినుండియు నున్న అలంకారమువలె తోచును.

మడతలే లేకున్నచో క్రింద గాక పైన అతుకవలయును. అంచు క్రింద మఱియొక గుడ్డ చేర్చుట కంటికి వెంటనే తెలియును. పట్టీకిని కుచ్చులకును నడుమ అదేరంగు నూలుగుడ్డతో 3 గాని 4 గాని అంగుళముల వెడల్పుగల పట్టె చేర్చినచో పొడవైన రవికెయో ఓణియో దానిని కప్పును. కాని ఈ పట్టె తుంటిమీద కూర్చుండును. కావున తుంటిచుట్టుకొలతకంటె కనీసము 4 అంగుళములు వదులుగ నుండవలయును. లేనిచో పిల్ల కూర్చుండునపుడు కుట్లు పిగులును.

పదేండ్లలోపు పసిపిల్లలకు పట్టీ బదులు చేతులులేని నూలుబాడీని పరికిణీకి కుట్టుట పాతపద్ధతి. అది నేటికిని మిక్కిలి మేలైనది. జరీబరువు భుజములమీద నిలుచును, నడుము నొక్కుకొనదు.

కుచ్చులులేని లంగాలు

తల్లి పెండ్లినాటి లంగాను కుమార్తె కట్టుకొనగోరినపుడు మఱియొక చిక్కు వచ్చును. అవి కొన్ని కలీలతో, అనగా పైన ఇఱుకుగను క్రింద వెడల్పుగను నుండు ముక్కలతో కుట్టబడినవి. వానికి నడుమున కుచ్చులు లేవు; పంచుటకు గుడ్డ లేదు. అట్టిచోట ప్రక్కకుట్లు విప్పి క్రొత్తకలీలు చేర్చుటయే గతి. నడుము 6 అంగుళములు చాలకున్నచో రెండు ప్రక్కలను ఒక్కొక్కటి పైన 3 అంగుళములు తేలునట్లు, కుట్టునకు ఇరువైపుల అరయేసి అంగుళము కలిపి 4 అంగుళములుగ కత్తిరింపుడు. క్రిందికి పోయినకొలది పాతకలీలవలెనే వెడల్పు చేయుడు.

ఇచట ముఖ్యమైన మెలకువ యొకటి కలదు. కుట్టు క్రిందనుండి పైకి నడువవలయును. అంచునకు అంచు సరిగా చేర్చి అచటినుండి మొదలుపెట్టినచో, ఎక్కడనైన పావు అంగుళపు తేడా వచ్చినను అది నడుమునకు చేరి పట్టీలో మఱుగుపడును. పైనుండి మొదలుపెట్టినవారికి ఆ తేడా అంచుదగ్గఱ తేలి అందఱి కంటను పడును.

అదేరంగు పట్టు దొరకుట అరుదు. దగ్గఱి రంగుకొఱకు అంగళ్లు తిరుగుటకంటె పూర్తిగ వేఱురంగు ఎన్నుకొనుట మంచిది. సగము కలిసిన రంగు అతుకువలె కనబడును. ఎదురురంగు కోరి వేసినట్లు కనబడును. గద్వాల చీరలను చూడుడు. నూలు ఒడలికి పట్టు అంచును చేర్చి, ఒడలొక రంగు, అంచొక రంగుగ నేయుచుండుటయే వాని ప్రఖ్యాతికి మూలము. అతుకును దాచనక్కఱలేదు, దానిని తీర్చి చూపినను చాలును.

బిగించి కట్టుటవలని కీడు

"ఈ యొక్క పండుగకు బొందు బిగించి కట్టుకొనుము, సరిపోవును" అని చెప్పువా రున్నారు. సన్నని బొందు జరీబరువునంతను మోయుచు నడుమును కోయును. మొదట చర్మము నల్లబడును. పిదప దురద, పొక్కులు కలుగును. ఏండ్ల తరబడి ఒకేచోట ఒఱసికొనినచో పుండు పడుటయు కలదు. 1945లో బొంబాయికి చెందిన వైద్యులు ఖనోల్కరుగారును సూర్యాబాయిగారును, నడుమున బిగించి కట్టిన ధోవతివలన చర్మమునకు వచ్చు క్యాన్సరును గూర్చి వ్రాసిరి. స్త్రీలకు చీరకట్టువలన ఇట్టిదే వచ్చుటను తరువాతి వైద్యులును గమనించిరి. 2024లోకూడ ఒక బ్రిటిషు వైద్యపత్రిక మన దేశపు వృద్ధస్త్రీ లిద్దఱి వృత్తాంతమును ప్రకటించెను. ఈ వ్యాధి మిక్కిలి అరుదు, దీనినిబట్టి భయపడవలదు. కాని నడుముమీద మానని పుండున్నచో సిగ్గుపడి దాచక వైద్యునకు చూపవలయును.

మూడంగుళముల పట్టీ వేయుమని మేము నొక్కి చెప్పుటకు కారణ మిదియే. బరువు వెడల్పున పరచుకొనినచో ఏ యొక్కచోటను కోయదు. ఈ సూత్రము పిల్లలకే గాక పెద్దలకును వర్తించును. ప్రతిదినము చీరక్రింద కట్టు లంగాకు సన్నబొందు తీసివేసి వెడల్పుపట్టీ కుట్టుకొనుట ఒక మధ్యాహ్నపు పని. తల్లులు తమకొఱకు ఆ మధ్యాహ్నమును కేటాయింపరు. కుమార్తె పరికిణీ ముందు పెట్టుకొనిన దినముననైన ఆ పని కూడ చేసికొందురుగాక!

తిరిగి విప్పదగినట్లు కుట్టుడు

పట్టును కత్తిరించుట చివరిమార్గము. విప్పుట, పంచుట, చేర్చుట అను మూటితో పని నెఱవేఱునపుడు కత్తెరకు పని లేదు. తీసివేసిన పాతపట్టీని, మిగిలిన ముక్కలను, కొలతలు వ్రాసిన చీటిని ఒక చిన్న నూలుసంచిలో పెట్టి పరికిణీతోడనే దాచుడు. క్రొత్తగ చేర్చిన ప్రతిముక్కకును లోపల అంగుళము గుడ్డ వదలుడు. ఈ పరికిణీని పదేండ్ల తరువాత ఎవరు కట్టుదురో, వారి నడుమెంతయో నేడు మనము చెప్పజాలము. సన్ననిపిల్లకు చెల్లెలు బొద్దుగ నుండవచ్చును. ఆ యంగుళము వారి కొఱకు.

పట్టు బొత్తిగ శిథిలమైయున్నచో దానిని ఏ పిల్లకును కట్టింపకుడు. తెల్లని నూలుగుడ్డలో చుట్టి, మడతపడకుండ దాచి, ఆఱు మాసముల కొకసారి నీడలో ఆరబెట్టుడు. కొన్ని వస్త్రములు కట్టుటకును, కొన్ని చూచుటకును మిగులును.

చివరిమాట యొకటి. కొలతలు తీయునపుడు పిల్లను ప్రక్కన నుంచుకొనుడు. టేపు ఆమె చేతికే ఇచ్చి చదువుమని చెప్పుడు. "27" అని చదివినపుడు దానిని పరికిణీకి కావలసిన అంకెగ చీటిమీద వ్రాసికొనుడు. ఆమెను నిందించు అంకెగ నెంచకుడు. కుట్టుపనితోపాటు పిల్ల ఈ సంగతియు నేర్చినచో, ఆ శ్రావణమాసమున ఆమెకు దక్కిన లాభము రెండింతలు.

వచ్చు సంచికలో బిగువైన రవికెచంకలకు ముక్క చేర్చు విధమును వ్రాయుదుము.