ఎయిర్‌గన్ శక్తి పెరిగితే చిక్కూ పెరిగినట్లే
ఎలుక వరకే దాని పని.. అడవి పందిపై గురిపెడితే రైతుకే ముప్పు

పంట చేతికొచ్చే వేళకు చేలలో అడవి పందులు, ఇళ్ళపై కోతులు, గాదెల్లో ఎలుకలు.. రైతుకు ఏటా తప్పని బెడద ఇది. రాత్రంతా మంచె మీద కాపలా ఉన్నా తెల్లవారేసరికి మొక్కజొన్న చేను నేలమట్టమై కనిపిస్తే, చేతిలో ఏదో ఒక ఆయుధం ఉండాలనుకోవడం సహజమే. లైసెన్సు అక్కరలేదన్న మాటతో ఎయిర్‌గన్‌పై చూపు పడుతున్నది అందుకే. అందులోనూ శక్తిని పెంచుకోవడానికీ, తగ్గించుకోవడానికీ వీలున్న రకాలు మరింతగా ఆకర్షిస్తున్నాయి. చిన్న జంతువుకు తక్కువ, పెద్ద జంతువుకు ఎక్కువ అన్న లెక్క వినడానికి సబబుగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం అది రైతును కేసుల పాలు చేసే ప్రమాదం ఉంది. ఎంత శక్తి కావాలన్న దానికన్నా ముందు, ఏ జంతువుపై అన్నది తేలాలి.

20 జౌళ్ళే హద్దు

2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు (0.177 అంగుళం), పెల్లెట్ శక్తి 20 జౌళ్ళకు మించని ఎయిర్‌గన్‌లకే లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి మించినా లైసెన్సు తప్పనిసరి. శక్తి ఎంత తక్కువైనా 0.22 అంగుళాల తుపాకి ఈ మినహాయింపులోకి రాదు.

శక్తి లెక్క వేగంపైనా, బరువుపైనా ఆధారపడుతుంది. 0.52 గ్రాముల పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో వెలువడితే దాని శక్తి దాదాపు 6 జౌళ్ళు. 240 మీటర్లయితే 15, 275 మీటర్లయితే సుమారు 20 జౌళ్ళు. 0.65 గ్రాముల బరువైన పెల్లెట్ 250 మీటర్ల వేగానికే హద్దు దాటుతుంది. అంటే అమ్మకందారు చెప్పే వేగం ఒక్కటే చూసి తుపాకి ఎంపిక చేయడం సరికాదు. గరిష్ఠ అమరికలో, బరువైన పెల్లెట్‌తో శక్తి ఎంతో చూడాలి. అది 20 దాటే తుపాకిని తక్కువలో పెట్టి వాడుతున్నామన్న వాదన తనిఖీలో నిలవడం కష్టం. కొనేటప్పుడే గరిష్ఠ శక్తి, వ్యాసం రాసి ఉన్న రసీదు తీసుకోవడం శ్రేయస్కరం.

మూడు రకాలు

స్ప్రింగు తుపాకిలో ఒకసారి మడిచి బిగిస్తే వచ్చే శక్తి దాదాపు స్థిరం. దాన్ని మార్చుకునే వీలుండదు. పలుమార్లు పంపు కొట్టే రకంలో ఎన్నిసార్లు కొడితే అంత శక్తి. ధర తక్కువే అయినా రెండో గుండు వేయడానికి జాప్యం తప్పదు. మూడోది ముందే గాలి నింపుకొనే రకం. దీని సిలిండరులో సుమారు 200 బార్ల పీడనంతో గాలి నిల్వ ఉంటుంది. మీట తిప్పి శక్తిని మార్చుకునేది ప్రధానంగా ఇందులోనే. అయితే తుపాకితో పాటు పంపు లేదా గాలి సిలిండరు ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. అమరిక మార్చిన ప్రతిసారీ పెల్లెట్ తగిలే చోటు మారుతుంది కనుక గురి మళ్ళీ సరిచూసుకోక తప్పదు.

ఏ జంతువుపై?

అసలు చిక్కు ఇక్కడే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అడవి పంది రెండో షెడ్యూలులో, నెమలి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. దక్షిణాదిన కనిపించే టోపీ కోతి కూడా మొదటి షెడ్యూలులోనే ఉంది. ఎర్రమూతి కోతిని షెడ్యూళ్ళ నుంచి తొలగించినా, దాన్ని గాయపరచి వదిలితే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉండనే ఉంది. కాకులు, ఎలుకలు, గబ్బిలాలు ఉండిన పాత ఐదో షెడ్యూలు ఇప్పుడు లేదు. కాకినైనా కొట్టవచ్చునన్న పాత ధీమా ఇక చెల్లదు. రెండో షెడ్యూలు జంతువును వేటాడితే మూడేళ్ళ వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మొదటి షెడ్యూలు అయితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు శిక్ష.

చట్టాన్ని పక్కనబెట్టినా పందిపై ఎయిర్‌గన్ వృథా. దాన్ని పడగొట్టే వేట తుపాకుల శక్తి వేల జౌళ్ళలో ఉంటుంది. 20 జౌళ్ళ పెల్లెట్ తగిలిన పంది చావదు. పుండుపడి రోజుల తరబడి తిరుగుతుంది, లేదా మనిషి మీదికి ఉరుకుతుంది. పంట మాత్రం దక్కదు.

గాదెకు తక్కువే మేలు

ఇక మిగిలేది ఇంట్లో, గోదాములో తిరిగే ఎలుకలు. పది మీటర్లలోపు దూరానికి 6 నుంచి 8 జౌళ్ళు సరిపోతాయి. అంతకు మించితే రేకులకు చిల్లులు పడటం, గోడకు తగిలి పెల్లెట్ వెనక్కి రావడం ఖాయం. తగ్గించుకునే వీలున్న తుపాకికి అసలు ప్రయోజనం పెంచడంలో కాదు, ఇలా తగ్గించడంలోనే ఉంది. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక ధాన్యపు రాశి వైపు ఎన్నడూ పేల్చరాదు. తక్కువ శక్తి పెల్లెట్ అయినా కన్ను పోగొట్టగలదు. పిల్లలకు అందకుండా తుపాకిని తాళం వేసి ఉంచాలి.

పొలంలో ఎలుకలకు ఇది కూడా పనికిరాదు. రాత్రివేళ బొరియల నుంచి వచ్చే వందల ఎలుకలను ఒక్కొక్కటిగా కొట్టడం అయ్యే పని కాదు. 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ బ్రొమాడియోలోన్ మందు కలిపిన ఎరను ఊరంతా ఒకేసారి బొరియల్లో పెట్టడమే డెల్టా రైతులకు అనుభవమైన మార్గం. బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదుల నైపుణ్యం నేటికీ అక్కరకొస్తోంది.

అనుమతి ఉన్న దారి

అడవి పందుల విషయంలో చట్టం దారి పూర్తిగా మూయలేదు. పంటకు ముప్పుగా మారిన రెండో షెడ్యూలు జంతువును వేటాడేందుకు 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంతవరకు వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం, సౌర కంచె వంటివి కొంత ఆదుకుంటాయి. నేరుగా కరెంటు తీగలు పరచడం మనుషుల ప్రాణాలే తీస్తోంది. అనుమతి కోసం వెళ్ళిన రైతును అధికారులు నెలల తరబడి తిప్పుకుంటే మాత్రం ఆ తీగలు, తుపాకులే మళ్ళీ చేలలోకి వస్తాయి. పంట కోతకు ముందే దరఖాస్తులు తేల్చే ఏర్పాటు మండల స్థాయిలో జరగాల్సిన అవసరం ఎంతైనా ఉంది.