విరేచనాల వార్డులో ఆ ఒక్క గడి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

వానలు మొదలైతే నీళ్ల విరేచనాలతో వచ్చేవాళ్లు ఆసుపత్రుల్లో పెరుగుతారు. మంచం పక్క స్టాండుకు సెలైన్ సీసా, దాని పక్కనే మెట్రోనిడజోల్ చిన్న సీసా. కేస్‌షీట్‌లో ‘సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము, రోజుకు రెండుసార్లు’. రెండూ యాంటీబయాటిక్‌లే. ఎందుకన్నది మాత్రం తరచూ కనిపించదు.

రక్తం పడని, కలరా అనుమానం లేని మామూలు విరేచనాలకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. చాలావరకు అవి వైరస్‌ల వల్ల వచ్చేవే. ప్రాణం నిలిపేది పోయిన నీరు, లవణాలు తిరిగి అందడమే. కలరాలోనూ అంతే: 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించి, కలరా మరణాలను దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు దించారు.

అవసరమైన చోట మందు ఆపమని ఎవరూ అనరు. రక్త విరేచనాలు, టైఫాయిడ్, పిత్తనాళంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ఆలస్యమే ప్రమాదం. అనవసర వాడకంతో బ్యాక్టీరియా మందుకు లొంగకుండా పోతుంది; నిజంగా అవసరమైన ఆ రోజుకు మందు పనిచేయాలనే ఈ ఆరాటమంతా! పైగా అనవసరంగా వాడితే పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా నశించి, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే హానికర బ్యాక్టీరియా పెరిగి, కొత్త విరేచనాలు పట్టుకోవచ్చు.

యాంటీబయాటిక్ రాస్తే కారణమూ తప్పనిసరిగా రాయాలని 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ వైద్య కళాశాలల డాక్టర్లను కోరింది. ఆ కారణానికి ఒక గడిని రాష్ట్రంలోని ప్రతి ఆసుపత్రి కేస్‌షీట్‌లో అచ్చు వేయించండి. మూడో రోజు మందు కొనసాగించాలా, ఆపాలా అన్నది సీనియర్ డాక్టరు సంతకంతో తేలాలి. జిల్లా ఆసుపత్రుల్లో, ఏ బ్యాక్టీరియానో తేల్చే కల్చర్ పరీక్ష రాత్రిపూట కూడా అందేలా చూడండి. వచ్చే వానాకాలంలోపే ఈ ఉత్తర్వు ఇవ్వండి.