కోనసీమలో హమ్మింగ్‌బర్డ్ కనబడిందా?

ప్రతి శీతాకాలం నాకు ఒకటే మెసేజ్ వస్తుంది. పంపేవాళ్లు మారతారు, ఊరు మారుతుంది, విషయం మాత్రం అదే. "అన్నా, మా దొడ్లోకి హమ్మింగ్‌బర్డ్ వచ్చింది చూడు!" కింద ఓ పదిహేను సెకన్ల వీడియో. మందార పువ్వు ముందు బొటనవేలంత పిట్ట ఒకటి రెక్కలాడిస్తూ అర సెకను గాల్లో ఆగుతుంది. అంతే, వీడియో అయిపోతుంది. గ్రూపులో చర్చ మాత్రం రెండ్రోజులు నడుస్తుంది.

మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు గానీ, అది హమ్మింగ్‌బర్డ్ కాదు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా బతకవు. అమలాపురం సంగతి అటుంచండి, ఆసియా మొత్తంలో ఒక్కటి కూడా లేదు. మీ దొడ్లోకి వచ్చింది తేనెపిట్ట. ఇంగ్లిషులో సన్‌బర్డ్.

రెండూ పూలతేనె తాగుతాయి, రెండిటికీ సన్నటి ముక్కే, రెండూ ఎండలో మెరుస్తాయి. కానీ చుట్టరికం లేదు. హమ్మింగ్‌బర్డ్‌కి దగ్గరి బంధువులు మన తాటిచెట్ల చుట్టూ కొడవలి రెక్కలతో తిరిగే స్విఫ్ట్ పిట్టలు. తేనెపిట్టేమో పిచ్చుకా, కాకీ ఉన్న పెద్ద వర్గానికి చెందింది. ఒకే పని తరతరాలుగా చేసీ చేసీ, ఒకేలా తయారైన రెండు వేర్వేరు కుటుంబాలివి.

ఫొటోలు తీసేవాళ్లకి ఇందులో ఓ మంచి వార్త ఉంది. హమ్మింగ్‌బర్డ్ గాల్లో నిలబడే తాగుతుంది. తేనెపిట్ట అలా కాసేపే చేయగలదు. ఎక్కువసార్లు కొమ్మ మీదో, కాడ మీదో కూర్చునే తాగుతుంది. అంటే మనకి రెండు మూడు సెకన్లు దొరుకుతాయి. ఆ రెండు మూడు సెకన్ల కోసమే ఈ వారం కబుర్లు.

మూడు పిట్టలు, మూడు డ్రస్సులు

జనవరిలో అంబాజీపేట వైపు ఏ కాలువ గట్టు మీదైనా గంటసేపు నడవండి. మంచు విడుస్తూ ఉంటుంది. కొబ్బరి మట్టల సందుల్లోంచి ఎండ ఏటవాలుగా దిగుతుంటుంది. ముందు కళ్లకి ఏమీ కనబడదు. చెవికి మాత్రం సన్నగా, గబగబా "చిప్ చిప్" అని వినబడుతుంది. అక్కడ ఆగండి.

ఎక్కువగా కనబడేది పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్. మగపిట్టకి నెత్తిన ఆకుపచ్చ మెరుపు, గొంతు దగ్గర వంకాయ రంగు, వీపు మెరూన్, పొట్ట నిమ్మపండు పసుపు. ఏడాది పొడవునా ఇదే డ్రస్సు. ఆడపిట్టకి ఆ తళుకులుండవు. గొంతు తెల్లగా, ఛాతీ లేత పసుపుగా ఉంటుంది.

రెండోది పర్పుల్ సన్‌బర్డ్. ఇది కాస్త తికమక పెడుతుంది. గుడ్లు పెట్టే కాలంలో మగపిట్ట నీలం, ఊదా కలిసిన నిగనిగల నలుపు. ఆ సీజన్ అయిపోయాక కోటు విప్పేస్తుంది. శీతాకాలం మొదట్లో చూస్తే పొట్ట పసుపు, గొంతు నుంచి కిందకి ఒక్క నల్లటి చార. అచ్చం టై కట్టుకున్నట్టే. సంక్రాంతి నాటికి కొన్ని సగం నల్లగా, సగం పసుపుగా మచ్చలు మచ్చలుగా కనబడతాయి. "ఇదేదో కొత్త జాతి" అని పోస్టు పెట్టకండి. బట్టలు మార్చుకుంటోంది, అంతే.

మూడోది లోటెన్స్ సన్‌బర్డ్. నల్లటి పిట్టే గానీ ముక్కు బాగా పొడుగు, కొడవలిలా వంపు. ఛాతీ మీద మెరూన్ పట్టీ. 18వ శతాబ్దంలో సిలోన్‌కి డచ్చి గవర్నరుగా పనిచేసిన లోటెన్ పేరును 1766లో లిన్నేయస్ దీనికి పెట్టాడు. దక్షిణ భారతం, శ్రీలంక దాటితే ఈ పిట్ట ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నల్లటి తేనెపిట్ట కనబడితే ముందు ముక్కు చూడండి.

వీటి బరువు తెలిస్తే ఆశ్చర్యపోతారు. జేబులో పది రూపాయల నాణెం ఉంటే అరచేతిలో పెట్టుకోండి. 7.7 గ్రాములు. పిట్ట మొత్తం, రెక్కలతో, ఎముకలతో, ఆ పొగరుతో కలిపి ఇంచుమించు అంతే. పొగరు అని ఎందుకన్నానంటే, బైకు అద్దంలో తన బొమ్మ చూసి ఎవడో పోటీకొచ్చాడనుకుని గంటలకొద్దీ పొడిచేది ఈ పిట్టే. మీ బండి అద్దాన్ని పొడుస్తుంటే అద్దం మీద ఓ గుడ్డ కప్పండి. దాని ఓపిక మిగులుతుంది.

రంగు పిట్టలో లేదు, ఎండలో ఉంది

చాలామంది కంప్లయింటు ఇదే: "కళ్లతో చూస్తే మెరిసింది, ఫొటోలో బొగ్గుముక్కలా వచ్చింది." తప్పు ఫోన్‌ది కాదు. ఆ ఊదా మెరుపు రంగు పూసినట్టు ఈకలో ఉండదు. ఈకల పొరల్లో మెలనిన్ రేణువులు వరసగా పేర్చి ఉంటాయి. వెలుగు వాటి మీద పడి తిరిగొచ్చేటప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చచ్చిపోతాయి. సబ్బు బుడగ మీద రంగులు కనబడేదీ, నెమలి పింఛం మెరిసేదీ ఇలాంటి లెక్కతోనే. కోణం కుదిరితే ఊదా. కుదరకపోతే నలుపు.

కాబట్టి సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. మీ నీడ పువ్వు వైపు పడాలి. శీతాకాలం పొద్దున ఎండ కిందనుంచి, మెత్తగా వస్తుంది కాబట్టి మంచు విడిచిన దగ్గర్నుంచి తొమ్మిదిన్నర దాకా మంచి సమయం. పదకొండు దాటితే ఎండ నెత్తిమీదకొస్తుంది, పసుపు పొట్ట తెల్లగా పాలిపోతుంది.

కెమెరా ఉంటే షట్టర్ స్పీడు 1/1000కి తగ్గనివ్వకండి. ఫోనే ఉంటే ఇంకో దారి. పిట్ట వెంట పడకండి. పువ్వు దగ్గర కాపలా కాయండి. తేనెపిట్ట ఓ రూట్ పెట్టుకుని తిరుగుతుంది. ఇందాక వచ్చిన గుత్తి దగ్గరికి కాసేపటికి మళ్లీ వస్తుంది. ఫోన్‌ని చిన్న స్టాండు మీద పెట్టి, పువ్వు మీద ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కాస్త తగ్గించి, స్లోమోషన్ వీడియో ఆన్ చేసి, మీరు ఓ పది అడుగులు వెనక్కి వచ్చేయండి. అరటి చెట్టు మీకు బాగా కలిసొస్తుంది.

అరటి పువ్వు ఓ క్యాంటీన్

కొత్తపేట, రావులపాలెం మధ్య అరటి తోటల్లో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. అరటి పువ్వు రోజుకో రెండు రేకులు పైకెత్తుతుంది. కింద వరసగా చిన్న పూలు, వాటి మొదట్లో చిక్కటి తేనె. పిట్టకి నిలబడ్డానికి కాడ కూడా రెడీ. ఎత్తు కూడా మన తలకి కాస్త పైన, అంతే. తలకిందులుగా వేలాడుతూ తాగుతున్న పిట్ట ఫొటో కావాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. తోట ఎవరిదో వాళ్లని అడిగి వెళ్లండి. "పిట్ట ఫొటో అండీ" అంటే ముందు నవ్వుతారు, తర్వాత ఏ చెట్టు మీదికి ఎక్కువ వస్తాయో వాళ్లే చూపిస్తారు.

మందారం లాంటి పొడుగు పూల దగ్గర ఇంకో తమాషా చూడొచ్చు. ముందునుంచి దూరడం కష్టమైతే పువ్వు అడుగున ముక్కుతో చిల్లు పెట్టి తేనె లాగేస్తుంది. పుప్పొడి అంటదు, పువ్వుకి లాభం లేదు. శుద్ధ దొంగతనం. అదే మామిడి కొమ్మ మీద బదనిక పూసిందనుకోండి, అక్కడ బుద్ధిగా పుప్పొడి మోసుకెళ్తుంది. పక్షులూ, పూలూ ఒకదానికొకటి ఎలా పనికొస్తాయో సాలిం అలీ 1932లోనే ఓ పెద్ద వ్యాసం రాశాడు. ఇందులో చాలావరకు మన దొడ్లోనే నిలబడి సరిచూసుకోవచ్చు.

ఇక కొబ్బరి. చెట్టు బాగుంటే దాదాపు నెలకో పూగుత్తి వేస్తుంది. మిగతా పూలకి సీజన్ ఉంటుంది, కొబ్బరికి సెలవు లేదు. కోనసీమలో తేనెపిట్ట ఏడాదంతా కాపురం చేయడానికి ఈ ఆగని పూత పెద్ద ఆసరా. మనం గెల లెక్కపెట్టుకుంటాం, పిట్ట గుత్తి లెక్కపెట్టుకుంటుంది.

గూడు కనబడితే కెమెరా దించండి

ఫిబ్రవరి వచ్చేసరికి గూళ్లు మొదలవుతాయి. ఆడపిట్ట ఒక్కతే గడ్డి, నారపోగులు, ఎండుటాకులు తెచ్చి సాలెగూడు దారాలతో కుట్టి, వేలాడే సంచీలా అల్లుతుంది. గుమ్మం మీద చిన్న చూరు కూడా దించుతుంది. దూరం నుంచి చూస్తే కొమ్మకి చిక్కుకున్న చెత్తలా ఉంటుంది. అదే దాని రక్షణ. లోపల సాధారణంగా రెండు గుడ్లు.

ఇక్కడే మన లైకుల పిచ్చికి హద్దు పెట్టుకోవాలి. బాగా కనబడాలని గూడు ముందున్న ఆకులు తుంచేవాళ్లని చూశాను. ఆకు పోతే ఎండ తగులుతుంది, కాకి కంట్లో పడుతుంది. రెండు గుడ్లూ పోతాయి. మనకి మిగిలేది ఓ రీల్. స్పీకర్లో పిట్ట కూత పెట్టి పిలవడం కూడా అంతే. శత్రువొచ్చాడనుకుని గూడు వదిలి వెతుకుతూ తిరుగుతుంది. అడవిపక్షి గూడు పాడుచేయడం, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. చట్టం దాకా ఎందుకు, పది రూపాయల నాణెమంత ప్రాణితో మనకి పోటీ ఏంటండీ?

మోడు మీద పువ్వుండదు

ఇంతవరకూ అంతా అందంగానే ఉంది. ఇప్పుడు రాజోలు వైపు రండి.

శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి నడిస్తే కొబ్బరి చెట్లు కనబడతాయి గానీ, చాలా చెట్లకి తల లేదు. పోటు సమయంలో సముద్రపు నీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని, ఆ ఉప్పు తోటల వేళ్లకి చేరి, చెట్లు నిలువునా ఎండిపోయాయి. మట్టలు రాలిపోయి స్తంభాల్లా నిలబడ్డాయి. కెమెరా పట్టుకుని పొద్దున్నే నేను అక్కడ తిరిగాను. కొంగలున్నాయి, లకుముకి పిట్టలున్నాయి. మోడుల మీద వడ్రంగిపిట్ట కూడా కొడుతోంది. తేనెపిట్ట కూత మాత్రం ఇళ్ల దగ్గర మునగ చెట్టు పూసినచోట ఒక్కసారి వినబడింది.

గట్టు మీద ఓ పెద్దాయన ఆపాడు.

"ఏం తీత్తన్నారు బాబూ, మోడుల్నా?"

"పిట్టల్ని అండీ. తేనెపిట్టల కోసం వచ్చాను."

"పువ్వు లేదుగా, ఇక్కడికెందుకొత్తాయండీ?" అన్నాడు. కాసేపాగి, "తొంభయ్యారు తుపాన్లో తోటంతా పడిపోయిందండీ. అయినా మళ్లీ నాటుకున్నాం. ఉప్పెక్కిన నేల్లో ఏం నాటమంటారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. నాటు రకం మొక్క పూతకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అయినా ఆ తరం రైతులు ఓపిగ్గా మళ్లీ నాటారు, మళ్లీ పచ్చబడింది. గాలి వచ్చి పోతుంది. నేలలో దిగిన ఉప్పు అలా పోదు. డ్రెయిన్ పూడిక తీయాలి, పోటునీరు రాకుండా అడ్డుకట్టలు కావాలి. ఇది రైతు ఆదాయం సంగతి, దింపు కార్మికుడి కూలి సంగతి, ఒలుపు పని చేసేవాళ్ల రోజుగడవడం సంగతి. పిట్ట వీళ్లందరి తర్వాతే. కానీ పిట్ట ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిపోతోందో చూస్తే, తోట ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలుస్తుంది.

మన చేతిలో ఉన్నవి

ఒకటి, పువ్వు. సంక్రాంతికి చూరుకి వరికంకుల కుచ్చులు కట్టడం మనకి అలవాటే. అవి పిచ్చుకల వాటా. తేనెపిట్ట గింజ తినదు కాబట్టి దాని వాటా వేరే ఇవ్వాలి. ఇంటిముందు ఓ మందారం, దొడ్లో ఓ మునగ, డాబా మీద కుండీలో హమీలియా. గౌతమి దాటితే కడియం నర్సరీలు ఎలాగూ ఉన్నాయి. హమీలియా అసలు అమెరికా మొక్క, అక్కడ హమ్మింగ్‌బర్డ్‌లకి ఇష్టమైంది. ఇక్కడ మన పిట్ట దర్జాగా తాగేస్తుంది. ఒక్క మాట, పురుగుమందు కొట్టకండి. పిల్లల్ని సాకేటప్పుడు తేనెతో సరిపోదు, సాలీళ్లూ పురుగులూ కావాలి.

రెండోది, లెక్క. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. ప్రపంచమంతా పాల్గొంటుంది, 2013 నుంచి మన దేశమూ ఉంది. చేయాల్సింది చిన్న పని. పావుగంట ఒకచోట ఉండి, చూసిన పిట్టలన్నీ ఫోన్‌లో ఈబర్డ్ యాప్‌లో రాయడం. కూత గుర్తుపట్టడం రాకపోతే మెర్లిన్ యాప్ వింటుంది, పేరు సూచిస్తుంది. దాని మాటే వేదం అనుకోకుండా కళ్లతో కూడా చూసి రాయండి.

ఫొటో బాగా వచ్చే చోటికే అందరం వెళ్తాం, అది సహజం. ఈసారి కొత్తపేట అరటి తోటలో ఓ పావుగంట, శంకరగుప్తం మోడుల దగ్గర ఇంకో పావుగంట నిలబడదాం. చూసినవన్నీ వదలకుండా రాసి పూర్తి జాబితా పంపితే, అందులో లేని పిట్ట కూడా లెక్కలోకి వస్తుంది. రెండో జాబితాలో తేనెపిట్ట పేరు ఉంటుందో లేదో ఫిబ్రవరిలో చూద్దాం. వచ్చేవాళ్లు టోపీ, మంచినీళ్ల సీసా తెచ్చుకోండి. ఆ గట్టు మీద నీడ లేదు.