చాదస్తము కాదు, జబ్బు



పట్టు ధర, కూలి రేట్లు, నిలువ సరుకు: ఈ పుటలలో మనము ఎప్పుడును చర్చించుకొనునవి ఇవే. ఈ మారు మనసును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము. మగ్గము ఆడుటకు చేతులు, కాళ్ళు, కండ్లు బాగుండిన చాలదు. మనసు కూడ నిలకడగా ఉండవలెను గదా.

మా పావగడ తాలూకాలో జరిగిన సంగతి ఇది. మా సంఘ సభ్యుడొకరు మంచి పనివాడు. కొంతకాలముగా ఆయన చీర గడువుకు వచ్చుట మానినది. విచారింపగా, పడుగులో పోగు తప్పినదేమోనని మొదటినుండి లెక్కించుచున్నాడని తెలిసినది. లెక్క సరిపోయినను మరల లెక్కయే. చేతి మురికి జరీకి అంటునేమోనని మాటిమాటికి చేతులు కడుగుకొనును. తడి చేతులతో పట్టు ముట్టరాదు గనుక ఆరువరకు కూర్చుండును. ఇంతలో ప్రొద్దు వాలును.

మేము చేసినదేమి? చాదస్తుడని నవ్వినాము. ఆలస్యమునకు కూలిలో కోత వేసినాము. అది మా తప్పు. ఆ తప్పు ఒప్పుకొనుటకే ఈ వ్యాసము.

ఈ జబ్బును వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓ.సి.డి., అందురు. కన్నడములో గీళు రోగమని పేరు. వద్దన్నను ఒక తలపు వచ్చి మనసును పట్టుకొనును. దానితో భయము పుట్టును. ఆ భయము పోవుటకు కడుగుట, లెక్కించుట, తలుపు గడియ మరల మరల చూచుట. అప్పటికి కొంత ఊరట. కొంతసేపటికి మరల అదే తలపు. నాడె ఇటునుండి అటు, అటునుండి ఇటు పోయినట్లే. కాని గుడ్డ మాత్రము పెరుగదు.

నేతగానికి జాగ్రత్త అవసరమే కదా, మరి జబ్బని ఎట్లు తెలియును? ఒకమారు, రెండుమారులు చూచి తృప్తిపడిన అది జాగ్రత్త. అతి అని తనకే తెలిసియు ఆపలేక, దినమునకు గంటకు మించి దానికే పోవుచు, పని చెడుచున్న అది జబ్బు. ఇది పిచ్చి కాదు, సోమరితనము కాదు, దయ్యము అంతకన్న కాదు. 2015–16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక బాధతో ఉన్నట్లు తేలినది. మన మగ్గాల వీధులు దీనికి మినహాయింపు కాజాలవు.

అప్పు, పిల్లల పెండ్లి, మరమగ్గముల పోటీ మనసును నలుపునవి. ఈ ఒత్తిడి ఒక్కటే ఓ.సి.డి.కి కారణమని చెప్పరాదు. ఉన్నదానిని మాత్రము పెంచును. ఓ.సి.డి. లేనివారికి సైతము ఒత్తిడివలన నిద్ర పట్టకపోవుట, గుండె దడ, తలనొప్పి, చిరాకు కలుగును. బ్రతుకు వద్దను మాట ఎవరి నోటనైన వచ్చిన, ఆ దినమే వైద్యుని చూపవలెను; ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు.

చికిత్స ఉన్నది. మొదటిది అభ్యాసము. 1966లో లండనులో విక్టర్ మేయర్ అను మనస్తత్వవేత్త ఈ మార్గమును ప్రకటించినాడు. పోగులు ఒకమారు లెక్కించి, మరల లెక్కింపక కూర్చుండవలెను. మొదట భయము పెరుగును. పిమ్మట తనంతట తానే తగ్గును. తెలిసినవారి సాయముతో దీనిని క్రమముగా చేయవలెను. రెండవది మందులు. ఫ్లుఆక్సెటిన్ వంటివి గుణమిచ్చుటకు పది పన్నెండు వారములు పట్టవచ్చును. పది దినములకే పనిచేయలేదని మానరాదు. ఇంటివారు “సరిగానే ఉన్నదా?” అను ప్రశ్నకు నూరుమారులు సమాధానమిచ్చుట మంచిది కాదు, అది జబ్బుకు మేత వేయుటయే. కోపగించుటయు తగదు.

మన శనీశ్వరుని కొలువవద్దని మేము చెప్పము. శనివారము గుడికి పొండు, సోమవారము ఆసుపత్రికి పొండు. తాలూకా ఆసుపత్రిలో మనోవైద్యుడు వచ్చు దినమెప్పుడో అడుగుడు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓ.సి.డి.కి ప్రత్యేక విభాగమే కలదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నెంబరున ఫోను చేసిన, ఖర్చు లేకుండ తెలుగులోనే మాటలాడవచ్చును.

ఇక సంఘములు చేయవలసినది. జబ్బు తెలిసిన సభ్యునికి కోత వేయక గడువు పొడిగింపవలెను. ఆసుపత్రికి పోవుటకు బస్సు ఖర్చు అడ్వాన్సుగా ఇయ్యవలెను. అతని పేరు సర్వసభ్య సమావేశములో ఎత్తరాదు. అందరును జబ్బని సాకు చెప్పెదరని కొందరందురు. వైద్యుని చీటీ చూచిన సరిపోవును. కాలు విరిగినవానికి గడువిచ్చుటలేదా? అంతకన్న, మంచి పనివాని మగ్గము శాశ్వతముగా ఆగిన సంఘమునకు నష్టమెంత?

మా సభ్యుడు ఇప్పుడు చికిత్సలో ఉన్నాడు. ఇంకను లెక్కించుచునే ఉన్నాడు. కాని రెండుమారులతో లేచి మగ్గములో కూర్చుండుచున్నాడు. మేము కోసిన కూలి తిరిగి ఇచ్చుటకు కార్యవర్గము తీర్మానించినది. తక్కిన సంఘములు మావలె ఆలస్యము చేయక ముందే మేలుకొనవలెనని మా మనవి.