ఉప్పు లెక్కకు జాలరి సీసా

సముద్రపు నీటిని మరిగించి, అడుగున మిగిలిన ఉప్పును తూకం వేస్తే లవణీయత తెలిసిపోతుందనుకుంటాం. కుదరదు. ఎండే క్రమంలో కొన్ని లవణాలు విచ్ఛిన్నమవుతాయి, కొన్ని తమలోని తేమను ఒక పట్టాన వదలవు. అందుకే ఒకప్పుడు సిల్వర్ నైట్రేట్‌తో క్లోరైడ్‌ను కొలిచి, దాన్నుంచి మొత్తం ఉప్పును లెక్కగట్టేవారు. ఇప్పుడు నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూస్తున్నారు. వేడి, ఒత్తిడి పెరిగినా వాహకత పెరుగుతుంది కాబట్టి వాటినీ కొలవాల్సిందే. సగటున కిలో సముద్రపు నీటిలో ఉండేది సుమారు 35 గ్రాముల లవణాలు.

ఈ పని చేసే ఆర్గో ఫ్లోట్లు పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి కొలుచుకుంటూ పైకి వస్తాయి. ఉపగ్రహాలు నీటి పైపొర వెలువరించే మైక్రోవేవ్ తరంగాలను బట్టి అంచనా వేస్తాయి. రెండూ గొప్పవే. తీరానికి వచ్చేసరికి మాత్రం ఫ్లోటుకు లోతు చాలదు, ఉపగ్రహానికి పక్కనున్న నేల అడ్డొస్తుంది.

బంగాళాఖాతంలో అసలు కథ నడిచేది ఆ తీరం వెంబడే. 2005 మే నుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఎనిమిది చోట్ల జాలర్ల చేత అయిదు రోజులకోసారి మోకాలి లోతు నీటిలో సీసాలు నింపించింది. ఆ సీసాలే ఒక విశేషాన్ని బయటపెట్టాయి. వానాకాలం చివర ఉత్తరాన లవణీయత కిలోకు 10 గ్రాములకు పైగా పడిపోతుంది. ఆ పలుచని నీరు సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున, సముద్రంలో నదిలా తూర్పు తీరాన్ని ఒరుసుకుంటూ సాగి, రెండున్నర నెలలకు దేశం దక్షిణ కొసకు చేరుతుంది. 2014లో ప్రచురితమైన ఫలితమిది.

ఇది తుపాన్ల సంగతి కూడా. తేలికైన నీటిపొర పైన పరుచుకుంటే, గాలి ఎంత కలియబెట్టినా అడుగునున్న చల్లని నీరు తేలిగ్గా పైకి రాదు. తుపానుకు వేడి అందుతూనే ఉంటుంది.

ఇంత పొడవైన తీరానికి ఎనిమిది చోట్లు ఏ మూలకు? గోదావరి, కృష్ణ ముఖద్వారాల పక్కన, చేపల రేవుల్లో ఈ సీసాలు శాశ్వతంగా నిండాలి. నింపేవారికి కూలీ ముట్టాలి, ఫలితాల్లో పేరూ ఉండాలి. సీసా నింపడమూ శాస్త్రమేనా అని పెదవి విరిచేవారు ఒక్క సంగతి గమనించాలి. మూత కాస్త వదులైతే నీరు ఆవిరై లవణీయత ఎక్కువగా కనిపిస్తుంది. ప్రయోగశాలలో ఎంత ఖరీదైన సాలినోమీటరు ఉన్నా ఆ తప్పును దిద్దలేదు.