ముసాఫిర్ ఫోన్‌కీ కస్ర్ కావాలి



మన మొహల్లాల్లో నౌజవాన్లకు సైకిల్ షౌక్ మళ్ళీ పుట్టింది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. అలాంటి చోట కాళ్ళు ఆడించుకున్న పిల్లలు అక్కడితో ఆగరు కదా! కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప పెద్ద దర్గాకి పోయి జియారత్ చేసుకొస్తాం అంటారు. పోనుపోను 400 కిలోమీటర్లు దాటుతుంది, నాలుగైదు రోజుల సఫర్. అప్పుడు ఇంట్లో అమ్మీ అడిగే మొదటి సవాల్ టైర్ల గురించి కాదు, తిండి గురించీ కాదు. "ఫోన్ బంద్ అయితే ఎట్లా బేటా?"

సవాల్ జాయజే. జవాబు దగ్గరే మనం దారి తప్పుతున్నాం. వెంటనే సోలార్ ప్యానెలో, డైనమోనో, పెద్ద పవర్‌బ్యాంకో కొనేస్తే పని అయిపోయిందనుకుంటాం. నా రాయ్ వేరు. చార్జింగ్ మస్‌అలా సామాన్‌తో తీరేది కాదు, ఆదత్‌తో తీరేది. అందులో సగం సైకిల్ తొక్కేవాడి చేతిలో ఉంటే, మిగతా సగం ఇంట్లో కూర్చున్న మన చేతిలో ఉంది.

ముందు సామాన్ సంగతే చూద్దాం. ఒకప్పుడు పాలవాళ్ళ సైకిళ్ళకు టైరును రాసుకుంటూ తిరిగే డైనమో గుర్తుంది కదా? ఇప్పుడు చక్రం మధ్యలోనే కూర్చునే రకం దొరుకుతుంది. సాధారణంగా అది ఇచ్చేది 3 వాట్లు. అదీ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటేనే. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్-అవర్లు. మధ్యలో పోయే నష్టం కూడా కలిపితే ఆ ఫోన్ నిండడానికి ఎనిమిది గంటలకు పైగా ఆగకుండా తొక్కాలి. ఎదురుగాలిలో, ఎత్తులో వేగం ఎనిమిదికో తొమ్మిదికో పడిందంటే దాదాపు ఏమీ రాదు. ఊళ్ళే దొరకని దారుల్లో నెలల తరబడి తిరిగేవాళ్ళకి అది నేమత్. అడుగడుగునా ధాబా, పెట్రోల్ బంకు ఉండే హైదరాబాద్-కర్నూలు రోడ్డు మీద దాని జరూరత్ ఏముంది?

మడతపెట్టే సోలార్ ప్యానెల్ ఇంకో ముచ్చట. ఎండ మనకు తక్కువేం లేదు, కానీ మన ఎండే దానికి దుష్మన్. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో సైకిల్ వెనక నల్ల సంచిలో పెట్టిన పవర్‌బ్యాంకు ఆ వేడిని ఇట్టే దాటుతుంది. బ్యాటరీ ఉబ్బిపోతే డబ్బూ పాయె, భద్రతా పాయె.

అందుకని నాలుగైదు రోజుల సఫర్‌కి నేను చెప్పేది సాదా ఇంతజామ్. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులు రెండు, రెండు పోర్టుల చార్జర్ ఒకటి, కేబుళ్ళు రెండు. డబ్బా మీద 10,000 అని రాసి ఉన్నా మధ్యలో పోయేది పోగా ఫోన్‌కి చేరేది సుమారు మూడింట రెండు వంతులు. అంటే ఒకసారి ఫోన్ నిండుతుంది, ఇంకొంచెం మిగులుతుంది. 20,000ది ఒకటే కొనొచ్చు కదా అంటారు. అది మొరాయిస్తే చేతిలో ఏమీ మిగలదు. పైగా మామూలు చార్జర్‌తో అది నిండడానికి రాత్రంతా పడుతుంది, మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. చిన్నవి రెండైతే పక్కపక్కనే పెట్టి సగం టైములో నింపుకోవచ్చు. సైకిల్ లైటు వేరేగా ఉండాలి, ఫోన్ టార్చ్‌తో రాత్రి దారి వెతకొద్దు. లాడ్జికి చేరగానే ముందు పవర్‌బ్యాంకులు ప్లగ్గుకి పెట్టాలి, గుసుల్ ఆ తర్వాత.

ఇక ఆదత్ మాట. ముసాఫిర్‌కి షరియత్ ఎంత ఆసానీ ఇచ్చిందో మనకు తెలుసు. హనఫీ లెక్కలో 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల సఫర్‌కి బయలుదేరితే జొహర్, అసర్, ఇషాల నాలుగు రకాత్‌ల ఫర్జ్ రెండవుతుంది. ఫజర్, మగ్రిబ్ మాత్రం తగ్గవు. తగ్గించేది ఏదో, తగ్గించరానిది ఏదో సాఫ్‌గా చెప్పిన తర్తీబ్ అది. ఫోన్‌కి కూడా అలాంటి తర్తీబే కావాలి. రీల్స్, స్టేటస్‌లు, పాటలు తగ్గించేవి. ఇంటికి చేసే ఫోన్, ఆపదలో 112కి చేసే ఫోన్ తగ్గించరానివి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తినేస్తుంది. అక్కడ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకుంటే చాలు. ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్ అప్పుడు కూడా పనిచేస్తుంది. నలుగురు కలిసి నమాజ్ చదివితే ఇమామ్ ఒక్కరే కదా. నలుగురు కలిసి పోతున్నప్పుడు మ్యాప్ కూడా ఒక్క ఫోన్‌లోనే నడవాలి, రోజుకొకరి ఫోన్‌లో.

ఇప్పుడు మన వంతు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలకు, గంటకు, 8 గంటలకు పెట్టుకోవచ్చు. మనం 8 గంటలదే అడుగుతాం. అది చాలక అమ్మీ ఒకసారి, అబ్బా ఒకసారి, ఖాలా ఒకసారి వీడియో కాల్. ఫికర్ మొహబ్బత్ నుంచి వచ్చిందే, కాదనను. కానీ పిల్లవాడి బ్యాటరీని పొద్దంతా మన ఫికరే తాగేస్తే, చీకటి పడ్డాక అసలు జరూరత్ వేళకి ఆ ఫోన్ చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు ఇల్లంతా పరేషాన్. దేనికి భయపడ్డామో దాన్ని మనమే తెచ్చుకున్నట్టు. బయలుదేరే ముందే వాదా చేసుకోండి. జొహర్ తర్వాత ఒక మెసేజ్, మగ్రిబ్ తర్వాత ఒక కాల్. ఇషా దాటినా కబురు రాకపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా ముందే తై చేసుకోండి. మధ్యలో సబర్ చేయడం మన పని.

ఇంకొక్క నాజుక్ మాట. దారిలో ముసాఫిర్ ఆగేది మస్జిద్ దగ్గరే. ఎండలో నీడ, వజూకి నీళ్ళు, గోడకి సాకెట్. చాలామంది అడగకుండానే ప్లగ్ పెట్టేస్తారు. ఒక ఫోన్ నిండడానికి పట్టే కరెంటు సుమారు 25 వాట్-అవర్లు. ఒక్క యూనిట్‌తో నలభై ఫోన్లు నిండుతాయి, ఖర్చు పైసల్లోనే. అయినా అది మస్జిద్ మాల్, అమానత్. రఖం చిన్నదైనంత మాత్రాన ఇజాజత్ అక్కర్లేదని కాదు. మౌజన్ సాబ్‌నో, ముతవల్లి సాబ్‌నో ఒక్కమాట అడగండి. కాదనేవాళ్ళు అరుదు. పోయేటప్పుడు చందా డబ్బాలో పదో ఇరవయ్యో వేయండి. సఫ్‌కి అడ్డంగా వైరు లాగొద్దు. ప్లగ్గుకి పవర్‌బ్యాంకు పెట్టండి, ఫోన్ సైలెంట్ చేసి జేబులోనే ఉంచుకోండి. సజ్దాలో ఎవరి ఫోనూ మోగదు, వజూకి పోయి వచ్చేలోపు ఫోనూ మాయం కాదు. ధాబాలో అయినా ఇదే అదబ్: అడిగి పెట్టడం, చాయ్ తాగి లేవడం.

చివరగా ఒక చీటీ. ఇంటి నంబర్లు, బ్లడ్ గ్రూప్, రాత్రి ఆగే ఊళ్ళ పేర్లు, నమాజ్ వేళలు కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి జేబులో పెట్టండి. ఇలాంటిదే ఇంకొకటి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించండి. ఆ కాగితానికి చార్జింగ్ అక్కర్లేదు. అమ్మీ నంబర్ జబానీ యాద్ చేసుకున్న బేటాకి ఏ ధాబావాలా ఫోనైనా తన ఫోనే.

పిల్లల్ని సఫర్‌కి పంపండి. పవర్‌బ్యాంకుతో పాటు కాస్త భరోసా కూడా మూటకట్టి ఇవ్వండి. ఖుదా హాఫిజ్.